దౌర్బల్యమునందలి శక్తి: పౌలు కొరింథు లేఖయు, తెలుగు నుడియు

దేవునివలన బలము పొందుట యనునది క్రైస్తవ వాఙ్మయమున తఱచుగా వినబడు మాట. ప్రసంగములయందును, కీర్తనలయందును, ప్రార్థనలయందును ఈ మాట యెంత విరివిగా వాడబడినదో, అంతగా దాని యర్థము పలుచబడినది. రోగము నయమగుట, ఋణము తీరుట, శత్రువు తొలగుట, తలపెట్టిన కార్యము నెఱవేరుట మున్నగునవి దైవబలమునకు గుఱుతులుగా చెప్పబడుచుండును. అవి సమకూరనిచో విశ్వాసమే కొఱతవడినదని తలచువారును కలరు. ఈ తలపు మూలగ్రంథమునకు సమ్మతమగునా కాదా యనునది మతవిషయము మాత్రమే కాదు. అది వాచకవిమర్శకును, పదార్థనిర్ణయమునకును సంబంధించిన విషయము. క్రైస్తవశాస్త్రమున దైవశక్తినిగూర్చి మిక్కిలి గాఢముగా చెప్పిన వాక్యములు పౌలు కొరింథీయులకు వ్రాసిన రెండవ పత్రికయందు కలవు. ఆ పత్రికయొక్క సందర్భమును, అందలి ముఖ్యపదములను, ఆ పదములు తెలుగున పొందిన రూపమును పరిశీలించినచో, శక్తి యను మాటకు ఆ గ్రంథకర్త యుద్దేశించిన యర్థము లోకవ్యవహారమునందలి యర్థమునకు దాదాపు ఎదురుగా నున్నదని తేలును.

కొరింథు గ్రీసుదేశమున రెండు సముద్రముల నడుమనున్న యిఱుకు నేలపై వెలసిన వర్తకనగరము. క్రీ. పూ. 146లో రోమనులు దానిని నేలమట్టము చేసిరి. క్రీ. పూ. 44లో జూలియస్ సీజరు దానిని రోమను వలసగా మరల నెలకొల్పెను. క్రొత్తగా వచ్చి స్థిరపడినవారిలో దాస్యవిముక్తులు పెక్కురు. పుట్టుకవలన రాని గౌరవమును ధనమువలనను, వాగ్ధాటివలనను, పెద్దలయాశ్రయమువలనను సంపాదించుకొనుట యచ్చటి నడవడి. నగరమునకు చేరువనే రెండేండ్ల కొకమారు ఇస్థ్మియ క్రీడలు జరుగుచుండెను. ఎవడు గెలిచెను, ఎవడు పెద్దవాడు, ఎవని మాట చెల్లును అను ప్రశ్నలే యా పట్టణమున జీవనసూత్రములు. అట్టి చోట పౌలు క్రీస్తుసంఘమును నెలకొల్పెను. అతడు తన మొదటి పత్రికయందే ఆ సంఘమున జ్ఞానులును, బలవంతులును, గొప్పకులజులును అనేకులు లేరని చెప్పియున్నాడు. తాను వారికడకు వచ్చినపుడు భయముతోను వణకుతోను బలములేనివాడై వచ్చితినని ఒప్పుకొనియున్నాడు.

రెండవ పత్రిక క్రీ. శ. 55, 57 సంవత్సరముల నడుమ మాసిదోనియనుండి వ్రాయబడినదని పండితుల సామాన్యాభిప్రాయము. అప్పటికి కొరింథునకు వేఱు బోధకులు వచ్చిరి. వారు సిఫారసు పత్రికలు తెచ్చిరి, చక్కగా మాటలాడగలరు, తమ దర్శనములను, తమ వంశమును, తమ కార్యములను చాటుకొనిరి. పౌలు వ్రాసిన పత్రికలు బరువైనవే గాని మనిషి యెదుటికి వచ్చినచో బలహీనుడనియు, అతని వాక్కు ఎన్నదగినది కాదనియు అపవాదము పుట్టినది. కావున ఈ పత్రిక తీరికగా కూర్చుండి వ్రాసిన తత్త్వబోధ కాదు. తాను నెలకొల్పిన సంఘము తన్ను తూచి తక్కువ యని నిర్ణయించుచున్నవేళ, గాయపడిన హృదయముతో ఒకడు వ్రాసికొన్న సమాధానము. ఈ వేదనను మఱచి యిందలి వాక్యములను విడివిడిగా ఏఱి గోడలపై వ్రాసికొనుటవలననే వాని యర్థము చెడినది.

పౌలు తన విరోధులకు బదులు చెప్పిన తీరు సాహిత్యదృష్టిచేత పరిశీలింపదగినది. ఆ కాలమున రాజులును, సేనానులును తమ విజయములను శిలాఫలకములమీద వరుసగా చెక్కించుకొనుచుండిరి. అవి మన దేశపు శాసనములయందలి ప్రశస్తులవంటివి. పౌలు పదునొకండవ అధ్యాయమున, తాను అవివేకివలె మాటలాడుచున్నానని ముందుగా చెప్పుకొని, అట్టి ప్రశస్తినే యెత్తుకొనును. అయితే ఆ పట్టికలో నున్నవి విజయములు కావు. అయిదుమారులు ఒకటి తక్కువ నలువది దెబ్బలు, మూడుమారులు బెత్తపుదెబ్బలు, ఒకమారు రాళ్లతో కొట్టబడుట, మూడుమారులు ఓడ పగులుట, ఒక రేయియు పగలును నడిసముద్రమున గడుపుట, ఆకలి, దప్పి, చలి, వస్త్రహీనత. ఈ లెక్కలలోని నిర్దిష్టత ప్రశస్తిలక్షణమే. సంఖ్యలు రాజశాసనమునందువలె నున్నవి. విషయము మాత్రము దానికి విరుద్ధము.

ఆ పట్టికకు చివర దమస్కునగరపు చిన్నకథ యొకటి కలదు. అరెతరాజు క్రింది యధికారి నగరమునకు కావలిపెట్టగా, పౌలును గోడకిటికీగుండ గంపలో నుంచి క్రిందికి దింపిరి. ఇంత పెద్దపట్టికకు ఇంత చిన్నకథ ముగింపుగా నుండుట యేమని పూర్వవ్యాఖ్యాతలలో కొందఱు శంకించి, ఇది స్థానము తప్పి చేరినదని కూడ తలచిరి. ఆధునిక విమర్శకులు దీనికి రోమను సైనికాచారమునుండి చక్కని వివరణము చెప్పిరి. శత్రుదుర్గపు ప్రాకారమును మొట్టమొదట నెక్కిన వీరునకు రోమనులు ప్రాకారకిరీట మను స్వర్ణకిరీటము నిచ్చుచుండిరి. ప్రాకారమును ముందుగా నెక్కుట పరాక్రమమునకు పరాకాష్ఠ. పౌలు చెప్పినది ప్రాకారమును దిగుట. అదియు రాత్రివేళ మూటవలె గంపలో దిగుట. రోమను వలసయగు కొరింథునందలి శ్రోతల కీ వ్యంగ్యము తెలియకపోదు. వీరరసము నాశ్రయించిన ప్రశస్తి యిచ్చట వీరరసమునే తలక్రిందులు చేసినది. ఇది కేవలము చమత్కారము కాదు. తరువాత రాబోవు సిద్ధాంతమునకు కథారూపమైన పీఠిక.

పండ్రెండవ అధ్యాయమున అతడు దర్శనముల సంగతి యెత్తుకొనును. పదునాలుగేండ్లక్రిందట మూడవ యాకాశమువఱకు కొనిపోబడిన మనుష్యు నొకని నెఱుగుదునని, తన్నుగూర్చియే పరునిగూర్చినట్లు చెప్పును. అచ్చట విన్నమాటలు పలుకరానివని చెప్పి యూరకుండును. విరోధులు దర్శనములను ప్రమాణములుగా చూపిరి. ఇతడు తన దర్శనమునుండి యొక్కమాటయు ప్రమాణముగా నుదాహరింపలేదు. దాని వెంటనే శరీరమునందలి ముల్లు అను విషయము వచ్చును. ఈ ముల్లు నేత్రరోగమనియు, జ్వరమనియు, మూర్ఛయనియు, శత్రువుల పీడయనియు పలువురు పలువిధముల నూహించిరి. గ్రంథకర్త దానిని స్పష్టపఱుపలేదు. ఆ యస్పష్టతయే యా వాక్యమునకు సార్వజనీనత నిచ్చినది. ఎవని ముల్లు వాడు అందు చూచుకొనవచ్చును.

దానిని తొలగింపుమని పౌలు ముమ్మారు వేడుకొనెను. ముల్లు తొలగలేదు. ప్రభుని యనుగ్రహమే అతనికి సరిపోవునని, దైవశక్తికి సాఫల్యము దుర్బలస్థితియందే కలుగునని తాత్పర్యమైన సమాధానము మాత్రము దొరకినది. దర్శనమున విన్నది చెప్పరానిదాయెను; నిరాకరణమున విన్నది మాత్రమే చెప్పదగినదాయెను. ఈ విపర్యయమును గమనింపక యీ భాగమును చదివినచో దాని సారము చేజాఱును. ఆ సమాధానమును ప్రవేశపెట్టుచు గ్రంథకర్త వాడిన క్రియారూపము కూడ గమనింపదగినది. గ్రీకుభాషయందు అది పూర్ణభూతకాలరూపము. ఒకమారు జరిగి దాని ఫలము నిలిచియున్న క్రియను తెలుపును. మాట యొకనాడు చెప్పబడినది. చెప్పబడినదై యిప్పటికిని నిలిచియున్నది. ముల్లు నిలిచినట్లే మాటయు నిలిచినది.

ఇచ్చట నొక పాఠభేదమున్నది. నాల్గవ శతాబ్దికి చెందిన వాటికను ప్రతియందును, సినాయి ప్రతియొక్క మొదటి లేఖకుని వ్రాతయందును శక్తి యను పదమునకు నా యను సర్వనామము లేదు. తరువాతివారు సినాయి ప్రతిని దిద్దునపుడు దానిని చేర్చిరి. పెక్కు అర్వాచీనప్రతులలో నది కలదు. ప్రాచీనపాఠము ననుసరించినచో వాక్యము శక్తి దౌర్బల్యమునందే పూర్ణమగు నను సామాన్యసూత్రముగా నేర్పడును. అర్వాచీనపాఠము ననుసరించినచో అది దేవునిశక్తియే యని స్పష్టమగును. అయినను అర్థమున విరోధము లేదు. వెంటనే వచ్చు వాక్యమున గ్రంథకర్త క్రీస్తుయొక్క శక్తియని పేర్కొనియున్నాడు. తెలుగు వాచకమునందు నా యను సర్వనామము నిలిచియున్నది. మూలపాఠనిర్ణయమున ప్రాచీనప్రతులకే ప్రాబల్యమైనను, తెలుగున ఆ సర్వనామము చేసిన మేలు కొంత కలదు. అది యేమో శక్తి యను పదముయొక్క చరిత్రను చూచినచో తెలియును.

గ్రీకున నున్న పదము దునమిస్. దానికి తెలుగు ననువాదకులు శక్తి యను సంస్కృతపదమును గ్రహించిరి. లండను మిషనువారు 1805లో విశాఖపట్టణమున కార్యము మొదలుపెట్టినది లగాయతు, 1854లో సంపూర్ణ బైబిలు తెలుగున వెలువడువఱకు అర్ధశతాబ్దికాలము ఇట్టి పదములకై జరిగిన యన్వేషణము తెలుగు గద్యచరిత్రలో నొక ముఖ్యఘట్టము. శక్తి యను పదము శూన్యముగా దొరకిన పాత్ర కాదు. అందు అదివఱకే నిండియున్న యర్థములు పెక్కు. శాక్తేయులకు అది పరదేవత. పల్లెలయందు గ్రామదేవతలు శక్తులు. మీమాంసకులకు శక్తి వస్తువునందు సహజముగా నుండు సామర్థ్యము. నిప్పునందలి దహనశక్తి దాని కుదాహరణము. ఆలంకారికులకు అది పదమునకు వాచ్యార్థముతో గల సంబంధము; మమ్మటుని మతమున కవిత్వబీజము కూడ శక్తియే. వీనిలో దేవతాపరమైన యర్థమును విడిచినచో, మిగిలినవాని కన్నిటికిని సామాన్యలక్షణ మొకటి కలదు: శక్తి వస్తువునందే యుండును, వస్తువునకు సొంతమైనది.

పౌలు చెప్పిన దునమిస్ అట్టిది కాదు. అది మనుష్యునకు సహజము కాదు. అతనియందు వచ్చి నిలుచునది. దానిని తెలుపుటకు అతడు ఎపిస్కేనోఓ యను నరుదైన క్రియను ప్రయోగించెను. దానికి గుడారము వేసికొని పైని నిలుచు నని యర్థము. ఇశ్రాయేలీయులు అరణ్యమున మోసికొనిపోయిన ప్రత్యక్షపు గుడారముమీద దైవమహిమ నిలిచిన కథ ఆ పదమునందు ధ్వనించుచున్నది. గుడారము రాతికట్టడము కాదు. బట్టయు, తోలును, కఱ్ఱయు గలది. నాల్గవ అధ్యాయమున నిక్షేపము మంటికుండలలో నున్నదని చెప్పిన యుపమానమునకును ఇదియే భావము. కుండ మట్టిదైనందున నిక్షేపము కుండది కాదని తెలియును. శక్తి నిప్పునందలి వేడివలె మనిషియందు సహజమైనదని తెలుగుపాఠకుడు భ్రమపడుట కవకాశ మున్నందున, నా యను సర్వనామము ఆ భ్రమను వారించుచున్నది. పాఠనిర్ణయమున తక్కువబలము గల పదమే అనువాదమున నెక్కువ పని చేయుట విచిత్రము.

అయితే శక్తి యను పద మొక్కటియే చాలదు. అపొస్తలుని చిహ్నములు తనయందు కనబడినవని పండ్రెండవ అధ్యాయముననే చెప్పునపుడు, సూచకక్రియలకంటెను అద్భుతములకంటెను ముందుగా పౌలు చెప్పినది హుపొమొనే, అనగా భారముక్రింద నిలిచియుండుట. ఆఱవ అధ్యాయమున దేవుని పరిచారకుల లక్షణములలో మొట్టమొదటిదియు నదియే. శక్తియు, భారముక్రింద నిలుకడయు అతనికి వేఱువేఱు గుణములు కావు. ఈ రెంటిని ఒక్కటిగా పట్టి చెప్పగల పదము కావలెను. శక్తి వేఱు, సహనము వేఱు. అచ్చతెలుగున అట్టి పదమొకటి యింటింట నున్నది. అది ఓపిక.

ఓపు అను ధాతువునకు సమర్థుడగు నని యొక యర్థము, సహించు నని మఱియొక యర్థము. లేవలేని రోగి ఓపిక లేదనును. అచ్చట ఓపిక యనగా దేహబలము. ఆ రోగికి సేవచేయువానిని ఓపిక పట్టుమందురు. అచ్చట ఓపిక యనగా సహనము. ఒక్క పదమే బలమును, తాల్మిని తెలుపుచున్నది. మోయగలిగినదే బలమను జీవితానుభవము నీ భాష యొకమాటలో దాచుకొన్నది. బలము అనగా ఎదిరిని పడగొట్టుట యని లావు, బలిమి మున్నగు పదములు తలపించును. ఓపిక మాత్రము పడకుండ నిలుచుటను తలపించును. పౌలు శక్తిసిద్ధాంతమునకు తెలుగున నింతకంటె దగ్గఱి పదము లేదు. గ్రాంథికమర్యాదకు శక్తి తగినదే. కాని దాని లోపలి యర్థము ఓపికయే. ఈ సంగతిని గుర్తించినచో, ఫిలిప్పీయులకు వ్రాసిన పత్రికలో తాను సమస్తమును చేయగలనని పౌలు చెప్పిన ప్రసిద్ధవాక్యముయొక్క యర్థమును చక్కబడును. పందెములకును, పరీక్షలకును ఆ వాక్యమును కవచమువలె ధరించు వాడుక కలదు. కాని దానికి ముందున్న వాక్యము ఆకలిని, తృప్తిని, సమృద్ధిని, లేమిని సమముగా భరించుట నేర్చుకొన్న విషయము. వ్రాసినవాడు సంకెళ్లలో నున్నాడు. ఆ క్రియకు ఓపుట యని అర్థము చెప్పుకొన్నచో, చేయగలుగుటయు భరింపగలుగుటయు రెండును అందు చేరును.

తెలుగుపాఠకునకు బలము సన్నగిల్లినవాని మొఱ యనగానే పోతన భాగవతమునందలి గజేంద్రమోక్షణము స్ఫురించుట సహజము. పోలిక నిజమైనదే. గజేంద్రుడు తన బలమును నమ్మి పోరెను. వేయియేండ్ల పోరున లావు తఱిగినది. తన బలము తనకు దిక్కు కాదని తెలిసినపిమ్మట శరణు చొచ్చెను. పౌలును ఆసియలో తన శక్తికి మించిన భారము పైబడి బ్రదుకుమీద ఆశ వదలుకొన్న వేళను జ్ఞాపకము చేసికొని, తన్ను తాను నమ్ముకొనక మృతులను లేపు దేవుని నమ్ముకొనుటకే యది కలిగినదని మొదటి యధ్యాయమున చెప్పినాడు. ఇంతవఱకు రెండు త్రోవలు నొక్కటియే. కాని తరువాత అవి విడిపోవును. గజేంద్రుని మొఱకు హరి పరుగున వచ్చెను; చక్రము మకరిని తెగటార్చెను; ఏనుగు మడుగునుండి వెలువడినది. పౌలు మొఱకు సమాధానము వచ్చినదిగాని చక్రము రాలేదు. ముల్లు ముల్లుగానే యున్నది. అచ్చట దౌర్బల్యము మోక్షమునకు ద్వారము. ద్వారము దాటినపిమ్మట దానితో పని లేదు. ఇచ్చట దౌర్బల్యమే నివాసము. ఈ భేదము ఒకటి ఎక్కువ, ఒకటి తక్కువ యని నిర్ణయించుటకు కాదు. భాగవతకథయొక్క రీతిని క్రైస్తవవాక్యమునకు తగిలించి చదువు నలవాటువలన, విడుదలయే బలమునకు గుఱుతు అను తలపు బలపడినదని చూపుటకే.

మఱి ఈ దౌర్బల్యమునకు పౌలు చూపిన యాధార మేమి? అది కష్టములపై మక్కువ కాదు. పదుమూడవ యధ్యాయమున నొక వాక్యమున అతడు సమస్తమును సంగ్రహించినాడు: క్రీస్తు దౌర్బల్యమున సిలువ వేయబడెను, దేవుని శక్తివలన జీవించుచున్నాడు. సిలువ రోమనుల దండనములలో దాసులకును, తిరుగుబాటుదారులకును విధించునట్టిది. పౌరుల మర్యాదాసల్లాపములలో దాని పేరెత్తుటయు రోత. అట్టి దానియందు దైవశక్తి బయలుపడినదని నమ్మినవానికి, శక్తి యెచ్చట నుండునో వెదకు దిక్కే మాఱిపోవును. ఈ నమ్మికను తీసివేసినచో పౌలు మాట కేవలము వేదాంతపు విరోధాభాసము. దీనినుంచి చూచినచో అది యతని బ్రదుకునకు ఊత.

ఈ భావము తెలుగుదేశమున వ్యాఖ్యానములవలన కంటె కీర్తనలవలన నెక్కువగా ప్రచారమైనది. పురుషోత్తమ చౌదరి (1803-1890) ఆ మార్గమునకు ఆద్యులలో నొకడు. పర్లాకిమిడి ప్రాంతమున వంగదేశీయ బ్రాహ్మణకుటుంబమున పుట్టి, 1833లో క్రైస్తవమతమును స్వీకరించి, శతకములను కీర్తనలను రచించెను. అతని కీర్తనలు ఆంధ్ర క్రైస్తవ కీర్తనలను సంపుటమున విశేషముగా చేరి, నేటికిని సంఘములయందు పాడబడుచున్నవి. అవి విదేశపు బాణీలకు కూర్చిన పాటలు కావు. రాగతాళములు పేర్కొనబడి, పల్లవి, చరణములతో మన కీర్తనసంప్రదాయమున నడచినవి. రామదాసు మొదలగువారు భగవంతుని ఎదుటనున్నవానివలె సంబోధించి, బ్రతిమాలి, నిష్ఠురమాడి పాడిన మార్గమే ఇది.

కీర్తననిర్మాణమున పల్లవికి గల స్థానము ఇచ్చట విచారింపదగినది. చరణము చరణమునకు పాడువాని యవస్థ మాఱును. ఒకదాన పాపభారము, ఒకదాన భయము, ఒకదాన మరణచింత. ప్రతిచరణమునకు పిమ్మట పల్లవి మాత్రము మాఱక తిరిగి వచ్చును. పల్లవి చరణమునందలి చిక్కును విప్పదు. చిక్కు నడుమ మరల వినబడును. గ్రీకు పూర్ణభూతరూపము వ్యాకరణమున చేసిన పనిని తెలుగు పల్లవి సంగీతమున చేసినది. ఒకమారు చెప్పబడిన మాట నిలిచియుండుట యనునది చదువురానివానికి సైతము చెవికి తెలిసినది. క్రైస్తవ సంఘములలో పెక్కురు అక్షరము లెఱుగని కాలమున ఈ కీర్తనలే వారికి శాస్త్రము. అందువలన తెలుగు క్రైస్తవుల యాధ్యాత్మికచరిత్ర వ్రాయువారు ప్రసంగములకంటె ముందుగా పల్లవులను పరిశీలింపవలెను.

ఇంతవఱకు చెప్పిన సిద్ధాంతముమీద నొక గట్టి యాక్షేపణ కలదు. దౌర్బల్యమున శక్తి యున్నదని దుర్బలునకు బోధించుట వానిని ఆ స్థితియందే యుంచుటకు సాధనము కాదా? తెలుగుదేశమున నీ యాక్షేపణకు బరువు మెండు. క్రైస్తవ సంఘములలో నధికసంఖ్యాకులు మాల, మాదిగ కులములనుండి వచ్చినవారు. 1876-78 సంవత్సరముల ఘోరక్షామమున ఒంగోలు ప్రాంతమున అమెరికను బాప్తిస్టు మిషనరి జాన్ క్లౌ బకింగ్‌హాం కాలువపనిలో నొకభాగమును గుత్తకు తీసికొని బీదలకు పని కల్పించెను. అన్నముకొఱకు మతము మార్చుకొనిరను మాట రాకుండ, సాయము జరుగుచున్నంతకాలము బాప్తిస్మము లాపబడెను. పిమ్మట 1878 జులై 3వ తేదిని గుండ్లకమ్మ యొడ్డున ఒక్కదినమున 2,222 మంది బాప్తిస్మము పొందిరి. ఊరిబావి నీరు ముట్టరాని జనులకు, ఏటినీటిలో నిలిచి పేరుపెట్టి పిలువబడుట ఏమి యర్థమిచ్చి యుండునో ఊహింపవచ్చును. అట్టివారికి మీ బలహీనతయే మీకు బలము, దానితో తృప్తిపడుడని చెప్పినచో అది సువార్త కాదు, సంకెల.

ఈ యాక్షేపణకు సమాధానము పౌలు నడవడియందే కలదు. మొదటిది, అతడు తన దౌర్బల్యమునుగూర్చి చెప్పెనుగాని పరుల దౌర్బల్యమును పొగడలేదు. దౌర్బల్యమునందు గర్వించుట యనునది బలవంతుడు బలహీనునకు చెప్పదగిన మాట కాదు. బలహీనుడే బలవంతుల యెదుట పలుకదగిన మాట. కొరింథున ఆ మాట తగిలినది దీనులకు కాదు, గొప్పతనము చాటుకొనువారికి. రెండవది, ఫిలిప్పీనగరమున విచారణ లేక తన్ను కొట్టించి చెఱసాలలో వేసిన యధికారులు మఱునాడు రహస్యముగా విడిచిపుచ్చ జూడగా, పౌలు అంగీకరింపలేదు. తాను రోమను పౌరుడననియు, వారే స్వయముగా వచ్చి వెలుపలికి తోడుకొనిపోవలెననియు పట్టుబట్టెనని అపొస్తలుల కార్యములు తెలుపుచున్నవి. ముంతటిరాత్రి సంకెళ్లలో కీర్తనలు పాడినవాడును, తెల్లవాఱి న్యాయము నడిగినవాడును ఒక్కడే. ఓపిక యనగా అన్యాయమునకు తలయొగ్గుట కాదు. అన్యాయము విఱుగగొట్టలేని నిలుకడ. అట్టి నిలుకడ గలవాడే న్యాయము నడుగగలడు.

ఈ తత్త్వమునకు తెలుగుకవిత్వమున దగ్గఱి సాక్షి గుఱ్ఱము జాషువ. 1895లో వినుకొండయందు పుట్టి క్రైస్తవవాతావరణమున పెరిగిన యీ కవి అస్పృశ్యతవలని యవమానమును బాల్యమునుండియు నెఱుగును. 1941లో వెలువడిన గబ్బిలమున, గుడి చొరరాని నిరుపేద తన దుఃఖమును శివునకు విన్నవించుటకై గబ్బిలమును పంపును. ఆ గబ్బిలమునకు గుడిలో నడ్డులేదు, మనిషికి కలదు. మేఘసందేశపు మార్గము నీ విధముగా త్రిప్పుట పౌలు ప్రశస్తిమార్గమును త్రిప్పినదానిని తలపించును. రాజసభల కావ్యరూపము త్రోసివేయబడినవాని నోటికి వచ్చినది. పిమ్మట అతడే క్రీస్తుచరిత్రను పద్యకావ్యముగా రచింపగా, దానికి 1964లో సాహిత్య అకాడమీ పురస్కారము లభించెను. క్రీస్తుకథను చెప్పుటకు శక్తి యెచ్చటినుండి వచ్చునో ఈ రెండు కావ్యములను ప్రక్కప్రక్కన నుంచి చదివినవారికి తెలియును. అవమానపడినవాని మాట మూలుగుగా నిలిచిపోక, కావ్యమై సభ నెక్కినది. అందుగల దౌర్బల్యము దాచబడలేదు. దానినుండియే స్వరము పుట్టినది.

కావున దేవునివలన బలము పొందుట యను మాట క్రైస్తవశాస్త్రమున ముల్లు ఊడుటకు పేరు కాదు. ముల్లు ఊడినవేళ కృతజ్ఞత కలుగును, అదియు మంచిదే. ఊడనివేళ నిలువగలుగుటకే ఆ శాస్త్రము శక్తి యని పేరు పెట్టినది. మ్రొక్కు నెఱవేఱలేదని తన విశ్వాసమునే శంకించుకొను రోగికిని, ఋణగ్రస్తునకును, బిడ్డను పోగొట్టుకొన్న తల్లికిని ఈ యర్థభేదము పండితచర్చ కాదు, బ్రదుకునకు సంబంధించినది. వారికి కలిగినది విశ్వాసలోపము కాదనియు, వారు నిలిచియున్న చోటనే గుడారము వేయబడినదనియు పౌలు పత్రిక చెప్పుచున్నది. అనువాదకులు శక్తి యన్నదానిని తెలుగుతల్లులు చిరకాలమునుండి ఓపిక యనుచున్నారు. ఆ రెండు పదములను కలిపి చదువుట నేర్చినచో, కొరింథు పత్రిక తెలుగువారికి పరదేశపు లేఖగా తోచదు.